సమస్య: అరటిపండు లేక యధిపుఁ డోడె

నిర్వాహకుడు: టూర్ ద ఫ్రాన్స్ సైకిల్ పందెంలో ఫ్రెంచి వ్యాఖ్యాతల నోట తరచు వినిపించే మాట ‘ఫ్రాంగల్’. అప్పటిదాకా గాలిలా తొక్కినవాడికి ఒంట్లో చక్కెర నిల్వ అయిపోయి ఉన్నట్టుండి కాళ్ళాడవు, అదీ సంగతి. ఇళ్ళలో అయితే అర్ధరాత్రి ఫ్రిజ్ తలుపు తీయించే ఆకలిని కూడా అలాగే అంటారట. ఈ పాదం అక్కడే తట్టింది. కానివ్వండి.

గోదారిగట్టు: 1996, లెజార్క్ ఎక్కుడు. ఇందురైన్ చివరి కొద్ది కిలోమీటర్లలోనే మూడు నిమిషాలకు పైగా పోగొట్టుకున్నాడు.

ఐదుసార్లు గెలిచి యాల్ప్సుల నెక్కుచు
తిండి తగ్గి కాళ్ళు తేలిపోయె
స్పెయిను వీరునకును బీఠము చేజారె
అరటిపండు లేక యధిపుఁ డోడె

గురులఘువు: ‘తేలిపోయె’ అచ్చంగా కుదిరింది, ఒప్పుకుంటాను. కానీ పై మూడు పాదాల్లో పండు జాడే లేదు, సమస్య గుమ్మంలోనే నిలబడిపోయింది. ‘స్పె’కి పకారంతో యతి వేశారు. పోయిన వారం నేనలా వేస్తే గొడవ చేసింది తమరేగా?

గోదారిగట్టు: గొడవ యతి మీద కాదండీ, మీ పద్యంలో పండితుడు పుస్తకాలు నమిలినందుకు. అయినా ఫ్రెంచివాళ్ళు చదువు యావను కూడా ఫ్రాంగల్ అంటారు కాబట్టి ఇవాళ్టికి వదిలేస్తున్నాను.

మొలకశనగ: నాది 2013, ఆల్ప్ ద్యుయెజ్. పందెంలో ముందున్నవాడు తొడిగే పసుపు చొక్కా ఫ్రూమ్‌ది. అతను నీరసపడితే జట్టువాడు పోర్ట్ వెనక్కి జట్టు కారు దగ్గరికెళ్ళి చక్కెర జెల్ తెచ్చాడు. ఆఖరి కిలోమీటర్లలో తిండి అందుకోకూడదు, ఇద్దరికీ శిక్ష పడింది.

చెలిమికాఁడు పోయి జెల్లును గొనితెచ్చె
ఇరువదేసి క్షణము లిచ్చె శిక్ష
పసుపు టంగి నిలిచెఁ బలుకుట తగునొకో
“అరటిపండు లేక యధిపుఁ డోడె”

గోదారిగట్టు: భలే! రాజును ఓడించకుండానే పాదం నిలబెట్టావు. ‘దేసి’లోనే ఉంది పద్యమంతా, శిక్ష చెరి ఇరవై సెకన్లు మరి.

గురులఘువు: ఆ ‘సి’ తర్వాత క్షకారం ఉంది, గురువైపోలేదూ?

మొలకశనగ: సమాసం కాదుగా మాస్టారూ.

నిర్వాహకుడు: లఘువే. కానీ చివర ‘అని’ ఏమైనట్టు?

గోదారిగట్టు: ఆకలికి మింగేశాడు.

మొలకశనగ: నాకూ ఇరవై సెకన్లు వేయండి.

గురులఘువు: 1998 ఎవరూ ముట్టుకోలేదు. గలిబియే కనుమ మీద చలివాన, పసుపు చొక్కాలో ఉల్‌రిచ్. పాంతానీ ఒక్కరోజులో దాదాపు తొమ్మిది నిమిషాలు లాగేసుకున్నాడు. కందంలో రాస్తున్నాను, రాత్రికి పెడతాను.

నిర్వాహకుడు: పాదం ఆటవెలదండీ.