కరెంటు పోతే సోలారూ ఆగిపోతోంది: పీహెచ్‌సీకి మైక్రోగ్రిడ్ ఎలా?

ప్రశ్న:
చింతపల్లి ఏజెన్సీలో ఒక పీహెచ్‌సీ. పైన 5 కిలోవాట్ల ఆన్‌గ్రిడ్ (కరెంటు లైనుకు కలిపిన) సోలార్, సింగిల్ ఫేజు, నెట్ మీటర్. గాలివానకు లైను తెగితే మర్నాటికి గానీ కరెంటు రాదు. ఎండ ఉన్నా ఇన్వర్టర్ పనిచేయదు. టీకాల ఐఎల్ఆర్ (ఐస్ లైనింగ్ ఉన్న ఫ్రిజ్), కాన్పుల గది, ల్యాబు, ఒకటిన్నర హెచ్‌పీ బోరు నడవాలి. ఉన్న ప్యానెళ్లతోనే మైక్రోగ్రిడ్ (లైను లేకున్నా సొంతంగా నడిచే చిన్న కరెంటు వ్యవస్థ) ఎలా చేయొచ్చు?

జవాబు 1:
అది రిపేరు కాదండీ. లైను మీద పనిచేసేవాళ్లకు షాక్ కొట్టకూడదని, గ్రిడ్ పోగానే ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్ ఆగిపోవాలి. సొంతంగా 50 హెర్ట్జ్ తయారుచేసే గ్రిడ్ ఫార్మింగ్ బ్యాటరీ ఇన్వర్టర్ పెట్టి, సోలార్‌ను దాని అవుట్‌పుట్ వైపు కలపండి. సోలార్ 5 కిలోవాట్లయితే ఇదీ అంతకు తగ్గకూడదు.

అసలు తంటా సెట్టింగుల్లో ఉంటుంది. బ్యాటరీ నిండగానే బ్యాటరీ ఇన్వర్టర్ ఫ్రీక్వెన్సీ పెంచుతుంది. సోలార్ ఇన్వర్టర్ ఆఫ్‌గ్రిడ్ ప్రొఫైల్‌లో (లైను లేనప్పుడు నడిచే సెట్టింగులో) ఉంటే దాన్నిబట్టి ఉత్పత్తి మెల్లగా తగ్గిస్తుంది. గ్రిడ్ ప్రొఫైల్‌లోనే వదిలేస్తే ట్రిప్పవుతుంది, కాసేపాగి మళ్లీ కలుస్తుంది, మళ్లీ ట్రిప్పు. మధ్యాహ్నం నిమిషాల తేడాతో ఆగుతూ మొదలవుతూ ఉంటే కారణం ఇదే.

51.2 వోల్టులు, 200 ఏహెచ్ (ఆంపియర్ అవర్) ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) బ్యాటరీ అంటే 10 యూనిట్లు, 8 వాడుకోవచ్చు. రాత్రికి సరిపోతుంది. ముసురు పట్టే రోజులకు రెండోది ఉండాల్సిందే.

జవాబు 2:
బోరును నేరుగా తగిలించకండి. స్టార్టింగులో మామూలు కరెంటుకు ఐదారు రెట్లు లాగుతుంది, ఇన్వర్టర్ ఓవర్‌లోడ్‌తో పడిపోయి కాన్పుల గదీ చీకటవుతుంది. 220 వోల్టుల మూడు ఫేజుల మోటారు వేసి, సింగిల్ ఫేజు ఇన్‌పుట్ వీఎఫ్‌డీ (ఫ్రీక్వెన్సీ మార్చి మోటారు వేగాన్ని క్రమంగా పెంచే పరికరం) పెట్టండి. సబ్‌మెర్సిబుల్ కాబట్టి మొదటి సెకనులోనే 30 హెర్ట్జ్ దాటాలి; లేదంటే థ్రస్ట్ బేరింగు (మోటారు కింద ఒత్తిడిని మోసే బేరింగు) అరుగుతుంది. పది నుంచి రెండు మధ్యే ట్యాంకు నింపేలా టైమర్ పెట్టండి.

ప్రశ్న అడిగినవారు:
బ్యాటరీ తగ్గినప్పుడు ఐఎల్ఆర్‌ను ఆఖర్న ఆపాలా?

జవాబు 3:
అక్కర్లేదు సార్. దాని ఐస్ లైనింగ్ వల్ల కొన్ని గంటలు కరెంటు లేకపోయినా 2–8 డిగ్రీలు నిలుస్తుంది, మూత తెరవకుంటే చాలు. బ్యాటరీ 40 శాతానికి రాగానే కాంటాక్టర్‌తో (దానంతటదే పనిచేసే స్విచ్‌తో) ముందు బోరు, తర్వాత ల్యాబు, ఆపైన ఐఎల్ఆర్ కట్ చేయండి. కాన్పుల గదిని ఆఖరిదాకా ఉంచండి.

ఎర్తింగు మాత్రం మరవకండి. లైను విడిపోయాక ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరి న్యూట్రల్ ఎర్తూ పోతుంది. ఇన్వర్టర్‌లోని రిలే న్యూట్రల్‌ను ఎర్త్‌కు కలపకపోతే లీకేజీ ఉన్నా ఆర్‌సీసీబీ (లీకేజీకి కరెంటు ఆపేసే స్విచ్) పడదు. మెయిన్ ఆపి, ఆర్‌సీసీబీ టెస్టు బటన్‌తో సరిపెట్టకుండా టెస్టర్‌తో ఫేజు నుంచి ఎర్త్‌కు 30 మిల్లీఆంపులు పంపి చూడండి. బ్యాటరీని వరండాలో పెట్టొద్దు. అక్కడి చలికి సున్నా డిగ్రీల కింద బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే సర్క్యూట్) చార్జింగు ఆపేస్తుంది.