రాత్రిపూట అలల్లోకి గాలం వేసేటప్పుడు లైటు ఎలా వాడాలి?

ప్రశ్న (ఇసుకఅంచు):
ఒడ్డు నుంచి అలల్లోకి గాలం వేస్తున్నాను. 400 ల్యూమెన్ల హెడ్‌ల్యాంపు ఉంది. ఎర గుచ్చడానికీ, రాడ్ కొస కదులుతోందా అని చూడటానికీ దాన్నే వేస్తున్నాను. చీకటి పడ్డ కొత్తలో చేప బాగానే కొడుతుంది, కాసేపటికి ఆగిపోతుంది. లైటు వేస్తే చేప పారిపోతుందని ఒకరంటారు, ఎర్ర లైటైతే ఫర్వాలేదని ఇంకొకరు. మరి దీపాలున్న జెట్టీల కింద చేపలు మూగుతాయి కదా అని మూడోవారు. ఏది నమ్మాలి? పని జరగడానికి ఎంత వెలుతురు చాలు?

జవాబు (నురగగీత):
ముగ్గురి మాటలోనూ నిజముంది. చేపని బెదరగొట్టేది వెలుతురు ఉండటం కాదండీ, ఒక్కసారిగా మారడం. జెట్టీ దీపం రాత్రంతా ఒకేలా, ఒకే చోట వెలుగుతుంది. దాని కిందకి చిన్న చేపలు చేరతాయి, పెద్దవి వెలుగూ నీడా కలిసే గీత దగ్గర చీకటివైపు కాపు కాస్తాయి. హెడ్‌ల్యాంపు అలా కాదు. మీరు తల తిప్పినప్పుడల్లా వెలుతురు నీటిని ఊడ్చినట్టు పోతుంది.

చేప కంటికి రెప్ప లేదు. చాలా రకాలకి కంటిపాప మనలా చిన్నదవదు. చీకటికీ వెలుతురుకీ సర్దుకోవడానికి కంటి లోపలి పొరలో రంగు కణాలు జరగాలి, దానికి చాలా నిమిషాలు పడుతుంది. చీకటికి అలవాటుపడ్డ కంట్లోకి 400 ల్యూమెన్లు కొడితే అది ఆ చోటు వదిలి పోతుంది, ఎర దగ్గరకి రాదు.

అలల్లో ఇంకో చిక్కుంది. నిలకడ నీటి మీద బాగా ఏటవాలుగా పడ్డ వెలుతురులో చాలా భాగం పైకే జారిపోతుంది. ఒడ్డుకొచ్చే అల మాత్రం మీ ఎదురుగా గోడలా లేస్తుంది. ఆ గోడలోకి మీ లైటు సూటిగా దూరుతుంది. పైగా రాత్రి చేప మేత కోసం ఒడ్డు వారనే ఉన్న గాడిలోకి, ఒక్కోసారి మోకాలి లోతుకి వస్తుంది. ఎంత దూరం విసిరినా, మీ లైటు పడేది మాత్రం ఆ దగ్గర గాడి మీదే.

ఎరుపు సంగతి: నీరు అన్నిటికన్నా ముందు ఎర్ర వెలుతురునే మింగేస్తుంది. తీరం చేపల్లో చాలావాటి కళ్ళకి ఆకుపచ్చ, నీలం బాగా ఆనతాయి, ఎరుపు అంతగా ఆనదు. అందుకే ఎరుపు మేలు. అయితే మోకాలి లోతులో మింగడానికి నీరెంత ఉంది? అక్కడ ఎరుపు ఇంకా మిగిలే ఉంటుంది. ఏ రంగైనా నీటి మీద పడనివ్వకపోవడమే అసలు జాగ్రత్త. ఎరుపు వల్ల ఎక్కువ లాభం మీ కళ్ళకే. తెల్ల లైటు ఒకసారి కంట్లో పడితే చీకటి మళ్ళీ పూర్తిగా కనపడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది.

జవాబు (పోటునీరు):
పై మాటలన్నీ సరైనవే. ఇక పనిలో ఎలా పెట్టాలో చెప్తాను.

సంచీ, ఎర డబ్బా, కత్తి నీటి అంచు నుంచి కనీసం 10 మీటర్లు వెనక పెట్టండి. ఎర గుచ్చడం, ముడి వేయడం అక్కడే, సముద్రానికి వీపు పెట్టి చేయాలి. అప్పుడు మీ ఒళ్ళే లైటుకి అడ్డు. ఒక్కటే షరతు: ఆ వీపు పెట్టే చోటు పెద్ద అల కూడా అందుకోలేనిది కావాలి. తడి ఇసుక మీద నిలబడి ఎప్పుడూ వీపు తిప్పకండి.

ముడి వేయడానికి 5 నుంచి 10 ల్యూమెన్లు సరిపోతాయి, నడవడానికి 30 నుంచి 50. ల్యాంపు తలకి కాకుండా మెడలో వేలాడదీసి కిందికి వంచితే వెలుతురు చేతుల మీదే పడుతుంది, తల తిప్పినా కదలదు. తుంపర, మంచు ఉన్న రాత్రి ఇది మరీ నయం. నుదుటి మీది లైటు నీటి బిందువుల మీద పడి కళ్ళ ముందు తెల్లటి తెరలా లేస్తుంది, ముందున్నది కనపడదు.

కొనేటప్పుడు మీట ఎలా పనిచేస్తుందో చూడండి. కొన్ని ల్యాంపుల్లో ఎరుపు రావాలంటే ముందు పూర్తి తెలుపు దాటాలి. ఆర్పేటప్పుడూ అంతే, తెలుపు ఒకసారి మెరుస్తుంది. ఎరుపుకి వేరే మీట ఉన్నదే తీసుకోండి. ల్యాంపు నీటిని ఎంత తట్టుకుంటుందో చెప్పే ఐపీఎక్స్ రేటింగు కూడా చూడండి: తుంపరకి ఐపీఎక్స్4 చాలు, నీళ్ళలోకి దిగేవారికి ఐపీఎక్స్7 కావాలి.

రాడ్ కొస చూడటానికి ల్యాంపు అక్కర్లేదు. 4.5 మిల్లీమీటర్ల లావు, 37 మిల్లీమీటర్ల పొడవుండే గ్లో స్టిక్ చాలు. మధ్యలో వంచితే లోపలి గాజు గొట్టం టిక్కుమని విరుగుతుంది, అప్పుడు ఊపితే వెలుగుతుంది. కొస రింగుకి 5 సెంటీమీటర్లు దిగువన, రింగులున్న వైపు కాకుండా వెనకవైపు కట్టండి. రెండు చివరలూ టేపుతో పూర్తిగా మూసెయ్యాలి. చివర కొంచెం లేచి ఉన్నా, విసిరే క్షణంలో అల్లిక దారం దానికి చుట్టుకుని పుటుక్కున తెగుతుంది. సీసం గుండు ఎటు పోతుందో చెప్పలేం, పక్కన మనుషులుంటే ప్రమాదం. ఈ చిన్న వెలుగు నీటికి మూడు నాలుగు మీటర్ల పైన ఉంటుంది, ఊగినా చేప పట్టించుకోదు.

కొసకి మెరిసే రిఫ్లెక్టివ్ టేపు చుట్టడం చౌక పద్ధతి. అయితే ఆ టేపు వెలుతురుని వచ్చిన దారినే వెనక్కి పంపుతుంది కాబట్టి లైటు కంటి పక్కనే ఉండాలి. మెడలో ల్యాంపుతో అది మెరవదు. దీనికి మాత్రం నుదుటి మీద పెట్టుకుని, కాంతి బాగా తగ్గించి, కొస వైపుకి పైకి ఎత్తాలి.

ప్రశ్నించినవారు (ఇసుకఅంచు):
చాలా ఉపయోగం. రెండు సందేహాలు. చేప ఒడ్డుకి వచ్చాక లైటు వేయొచ్చా? ఎర పక్కన వెలిగే పూస పెడితే మంచిదా?

జవాబు (నురగగీత):
చేప ఇంకా నీళ్ళలో ఉండగా లైటు మొహాన కొడితే చివరి పరుగు తీస్తుంది. ఎక్కువ తెగేది అక్కడే. చీకట్లోనే లాగండి, అల ముందుకొచ్చేటప్పుడు దానితో పాటు జార్చి ఇసుక మీదకి తెచ్చాక వేయండి. లీడర్ (అసలు దారం చివర కట్టే మందపాటి దారం) ముడి రీలులోకి రావడం వేలికి తెలుస్తుంది, చేప ఎంత దూరంలో ఉందో దాన్నిబట్టి లెక్క.

పూస ఒకటి చాలు, ముల్లుకి పైన కొద్ది దూరంలో. వాసనతో వెతికే చేపకి దాని అవసరమే లేదు, చూసి కొట్టే రకాలకి పనికొస్తుంది. పూస వెలగాలంటే ముందు దానికి కాసేపు లైటు పట్టాలి. అది సంచీ లోపల పట్టండి, ఒడ్డున ఎత్తి పట్టుకుని కాదు.

జవాబు (తెల్లలైటు):
ఒక మాట గట్టిగా చెప్పాలి. చేప పోతుందని తెల్ల లైటు ఇంట్లో వదిలి రాకండి. ఎర్ర వెలుతురులో రక్తం కనపడదు, ఎర్రటి గీతలూ గుర్తులూ మాయమైపోతాయి, ఇసుకలో ఎత్తుపల్లాలు తెలియవు. చేపని ఒడ్డుకి తెచ్చాక ముట్టుకునే ముందు తెల్ల లైటుతో ఒకసారి చూడండి. జెల్ల వీపు మీదా రెక్కల్లోనూ ముళ్ళుంటాయి, టేకు చేప (స్టింగ్‌రే) తోక ముల్లు ఇంకా ప్రమాదం. పెద్ద అలలు వరసగా వస్తున్న అనుమానమొచ్చినా, పక్కవాడు పడిపోయినా పూర్తి కాంతి వేయండి, చేప సంగతి తర్వాత. ఇందుకోసం రెండో ల్యాంపు వేరే జేబులో ఉండాలి.

తాబేళ్ళు గుడ్లు పెట్టే ఒడ్డైతే ఆ కాలంలో లైటు మీద ఆంక్షలుంటాయి, ముందే కనుక్కోండి. తాబేలు పిల్లలు వెలుతురున్న వైపే నడుస్తాయి, మీ దీపం చూసి సముద్రం వైపు కాకుండా ఇసుకలోకి పోతాయి. అక్కడ లైటు వాడకపోవడమే మంచిది. తప్పనిసరైతే సన్నటి ఎరుపు, అదీ కాళ్ళ ముందే.

ఇంటికొచ్చాక ల్యాంపుని మూత బిగించి మంచినీళ్ళలో కడగండి. ఆరాక తెరిచి బ్యాటరీ తీసి, రబ్బరు రింగుకి సిలికాన్ గ్రీజు సన్నగా రాయండి. ఆకుపచ్చ చిలుము పట్టిన స్ప్రింగు మొదట కాంతి మిణుకుమనిపిస్తుంది, తర్వాత అసలు వెలగదు.