హత్య కథలో శవపరీక్ష: ఉప్పునీళ్ళా, ఫార్మలినా?

గుణుపురం కాంపౌండర్:
మన వేదికలో టీచర్ గారు రాస్తున్న ధారావాహిక రెండో భాగం చదివాను. వంశధారలో శవం తేలుతుంది. డాక్టరు చూస్తూనే రాత్రి 9:40కి ప్రాణం పోయిందంటాడు. కాలేయం, పేగు ముక్క ఫార్మలిన్ (కణజాలం కుళ్ళకుండా ఉంచే రసాయన ద్రవం) సీసాలో వేస్తాడు. మర్నాడు మధ్యాహ్నానికి విషం పేరుతో సహా నివేదిక వచ్చేస్తుంది. మూడూ తప్పే.

31 ఏళ్ళు ఆసుపత్రుల్లో పనిచేశాను. విషం తాగాడన్న అనుమానం ఉంటే అవయవాలను ఉప్పునీళ్ళలో పెట్టి పంపుతారు. మామూలు ఉప్పే. ఇక కరగను అని సీసా అడుగున తెల్లగా నిలిచేదాకా కలపాలి. ఫార్మలిన్‌లో వేస్తే విషాన్ని పట్టుకోవడం కష్టమవుతుంది. ఆ ఉప్పు ఎన్నోసార్లు నేనే బజారు నుంచి తెచ్చి, కలిపి, మూత మీద లక్క కరిగించి ముద్ర వేయించాను. వేళ్ళు కాలిన మచ్చలు ఇంకా ఉన్నాయి.

ఇక 9:40 సంగతి. నీళ్ళలో ఉన్న శవం గట్టు మీద కంటే త్వరగా చల్లబడుతుంది, కుళ్ళడం మాత్రం నెమ్మదిస్తుంది. అందుకే ఏ డాక్టరైనా ఇన్ని గంటల నుంచి ఇన్ని గంటల మధ్య అని రాస్తాడు తప్ప నిమిషాలు చెప్పడు.

జయపురం పాఠకుడు:
కథ బాగుంది. ఉప్పా ఫార్మలినా అని చూస్తూ ఎవరు చదువుతారు?

పర్లాకిమిడి టీచర్:
కాంపౌండర్ గారూ, ఫార్మలిన్ నా ఊహ కాదు. డాక్టరు ఒకరిని అడిగే రాశాను. కణజాలాన్ని సూక్ష్మదర్శినిలో చూడాలంటే ముక్కలను ఫార్మలిన్‌లోనే పంపుతారని ఆయన చెప్పారు. అదీ అబద్ధమేనా?

ఇంకో మాట. ఈ ఒక్క భాగం కోసం ఎంత తిరిగానో మీకు తెలియదు. పంచనామా ఎలా రాస్తారో చూద్దామని ఒక పోలీసు స్టేషనుకు వెళ్ళాను. "ఎవరిని చంపుదామని అమ్మా?" అన్నారు. మా ఆయన పేరు, ఆయన ఏ ఆఫీసులో పనిచేస్తారో అడిగి రాసుకున్నారు. మగ రచయిత వెళితే కుర్చీ వేసి టీ తెప్పించేవారు. దొరికిన పుస్తకాలేమో ఒడియాలోనో ఇంగ్లీషులోనో ఉన్నాయి. చనిపోయాక ఒళ్ళు బిగుసుకుపోవడాన్ని చెప్పే శవకాఠిన్యం అనే ఒక్క మాట కోసం మూడు నిఘంటువులు తిరగేశాను. తప్పు పట్టడం తేలిక.

గుణుపురం కాంపౌండర్:
ఆ డాక్టరు చెప్పింది నిజమే. కానీ అది వేరే పరీక్ష, వేరే సీసా. మీ కథలో ఆ ఫార్మలిన్ సీసా నుంచే పచ్చగన్నేరు విషం బయటపడింది. అది తప్పు. పచ్చగన్నేరు తిన్న మనిషి అన్నం ముద్ద మింగగానే పెదవులు నీలంగా మారి కూలిపోవడం కూడా తప్పే. వాంతులవుతాయి, గుండె లయ తప్పుతుంది, గంటలు గడుస్తాయి.

బరంపురం పాత గుమాస్తా:
మీ ఇద్దరూ అసలు తప్పు చూడలేదు. కథ జరిగేది 2025లో. శవ విచారణను పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 174 సెక్షన్ కింద రాశారు. 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అమలులో ఉంది. అందులో అది 194.

రాయగడ కోడలు:
శవం ఒడిశా నుంచి కొట్టుకుపోయి ఆంధ్రాలో హిరమండలం గొట్టా బ్యారేజీ దగ్గర తేలితే కేసు ఏ రాష్ట్రానిది? నాకు అది కావాలి, ఎవరూ చెప్పడం లేదు.

బరంపురం పాత గుమాస్తా:
అమ్మా, నేరం ఎక్కడ జరిగినా ఫిర్యాదు ఏ స్టేషనులోనైనా తీసుకోవాలి, ఆ తర్వాత బదిలీ చేస్తారు. జీరో ఎఫ్.ఐ.ఆర్. అంటారు. కొత్త చట్టంలో అది 173. టీచర్ గారు 174ని మార్చారా?

పర్లాకిమిడి టీచర్:
మారుస్తాను. సెక్షన్ మార్చడానికి నాకు అభ్యంతరం లేదు. కానీ ఒకటి అడుగుతాను. వేదికలో ఇంతమంది కథలు పెడుతున్నారు. గత నెల ఒకరి కథలో రుమాలులో క్లోరోఫాం పోసి ముక్కుకు పెట్టగానే మనిషి పడిపోయాడు. దానికి నిమిషాలు పడుతుందని మీకు తెలుసు కదా, కాంపౌండర్ గారూ? అక్కడ నోరు మెదపలేదు. నా కథ మీదే ఎందుకీ పగ? ఆడది రాసిందనా?

గుణుపురం కాంపౌండర్:
ఆ మాట వెనక్కి తీసుకోండి.

పర్లాకిమిడి టీచర్:
తీసుకోను. కారణం చెప్పండి.

గుణుపురం కాంపౌండర్:
చెబుతాను.

సంక్రాంతి ముందు మీరు ఫోను చేసి, నదిలో మునిగినవాడి శవం ఎలా ఉంటుందని అడిగారు. అరచేతి చర్మం నాని తెల్లగా ముడతలు పడుతుందని చెప్పాను. ఒక కేసులో ఎడమ పిడికిట్లో తుంగగడ్డి వేళ్ళతో సహా బిగిసి ఉందని కూడా చెప్పాను. ఆ పిడికిలి మా తమ్ముడిది.

వాడు మునిగిపోయినప్పుడు, అన్నంలో భార్యే ఏదో కలిపిందని ఊరంతా అన్నారు. పెదవులు నీలంగా ఉన్నాయి కదా అన్నారు. అవయవాల నివేదిక రావడానికి పదకొండు నెలలు పట్టింది. ఆ పదకొండు నెలలూ మా మరదలు వీధి కుళాయికి వెళ్ళలేదు. పిల్లవాడు బిందె మోసేవాడు. చివరికి విషం లేదని వచ్చింది. ప్రాణం ఉండగా నీళ్ళలో పెనుగులాడినవాడికే గడ్డి అలా పిడికిట్లో బిగుస్తుందని శవపరీక్ష చేసిన డాక్టరు ముందే రాశాడు. చచ్చినవాడి చేతిలో గడ్డి పెట్టి అలా బిగించడం ఎవరి తరమూ కాదు. ఆ గడ్డి ఆమె పక్షాన పలికిన సాక్షి.

మీరు ఎడమ పిడికిలి తీసుకున్నారు, తుంగగడ్డి తీసుకున్నారు, నది తీసుకున్నారు. భార్య చేత అన్నంలో గన్నేరు గింజలు కలిపించారు. గుణుపురంలో చదివిన ప్రతివాడూ అది ఎవరి ఇల్లో పోల్చుకుంటాడు.

పర్లాకిమిడి టీచర్:
మీ తమ్ముడని మీరు నాకు చెప్పలేదు.

గుణుపురం కాంపౌండర్:
చెప్పలేదు. నోరు రాలేదు.

జయపురం పాఠకుడు:
అయ్యా, నేను పైన రాసిన మాటకు క్షమించండి.

పర్లాకిమిడి టీచర్:
రెండు గంటల నుంచి రాసి చెరిపేస్తున్నాను. నిజంగా తెలియదు. కానీ ఒక మాట దాచను. నిజమైన వివరం కావాలని అడుగుతారు, నిజమైన వివరం ఎవరో ఒకరి ఇంట్లో నుంచే వస్తుంది. పాఠ్యపుస్తకంలో అరచేయి ఉంటుంది గానీ తుంగగడ్డి ఉండదు. ఆ గడ్డి వల్లే నా కథకు ప్రాణం వచ్చింది. దాన్ని తీసేయమంటే తీయలేను.

గుణుపురం కాంపౌండర్:
గడ్డి తీయమని నేను అనలేదు. అది ఏం చెప్పిందో అదే చెప్పనివ్వండి.

బరంపురం పాత గుమాస్తా:
మూడో భాగం ఇంకా పెట్టలేదు కదా. కాస్త ఆపండమ్మా.

పర్లాకిమిడి టీచర్:
ఆపాను. గన్నేరు తీసేస్తున్నాను. ఊరంతా ఆమెను అనుమానించిన నెలల గురించి రాస్తాను, ఆవిడ ఒప్పుకుంటేనే. ముందు మీరు అడిగి చెప్పండి. నది పేరు, చెయ్యి మారుస్తాను.

కాంపౌండర్ గారూ, సీసా నిండా పోస్తారా ఉప్పునీళ్ళు?

గుణుపురం కాంపౌండర్:
పోయకూడదు. మూడింట రెండు వంతులే. లోపల వాయువు పుడితే సీసా పగులుతుంది. ఆదివారం మరదలి దగ్గరకు వెళుతున్నాను, అడుగుతాను.