మూడేళ్ళ పిల్ల తల్లి స్వెటర్ అల్లుతూ కూర్చోవచ్చా? 350కి దొరికేదానికి 43 గంటలా?

ఊలుబంతి (హైదరాబాద్):
మా ఇంట్లో పది రోజులుగా నలుగుతున్న గొడవ. మీరే తీర్పు చెప్పండి.

మా పాపకి మూడేళ్ళు నిండాయి. వినాయక చవితి వెళ్ళిన వారం తనకో స్వెటర్ మొదలుపెట్టాను. మెరినో (మెత్తటి రకం గొర్రె ఊలు) కలిసిన ఊలు, 50 గ్రాముల ఉండలు ఐదు, ఒక్కోటి 180. సూదులు 150. మొత్తం 1,050. ఏ రోజు ఎంతసేపు అల్లానో పాల లెక్క రాసే నోట్‌బుక్ చివరి పేజీలో రాసుకుంటున్నా. ఇప్పటికి 43 గంటలు. ఇంకా ఒక చెయ్యి మిగిలే ఉంది.

మొన్న ఆదివారం మావారు రోడ్డు పక్కన నేపాలీ వాళ్ళ దగ్గర 350 పెట్టి ఒకటి కొనుక్కొచ్చారు. గులాబీ రంగు, పొట్ట మీద కుందేలు. పాప దాన్ని పడుకునేటప్పుడు కూడా విప్పనంటోంది. "ఇప్పుడు చెప్పు" అన్నారాయన. ఆ మాట నేను పట్టించుకోలేదు. వంటింట్లోంచి మా అత్తగారు అన్నదే గుచ్చుకుంది: "పిల్ల కోసం అల్లుతున్నానని పిల్లనే వదిలేస్తోంది."

నేను అల్లేది ఖాళీ టైమ్‌లోనే. ఇది తప్పా? కొంటే పోయేదానికి ఇంత అవసరమా?

లెక్కలపద్దు (విజయవాడ):
గంటకి వంద వేసుకున్నా కూలి 4,300. సరుకు 1,050. అంటే 5,350 రూపాయల స్వెటర్. హైదరాబాదులో గట్టిగా చూస్తే డిసెంబరు, జనవరి చలి. మా ఊళ్ళో అదీ లేదు, భోగిమంట దగ్గర చెమట తుడుచుకుంటాం. వచ్చే చలికాలానికి పాప ఒక సైజు పెరుగుతుంది. మీ సరదా కోసం అంటే నాకేం అభ్యంతరం లేదు. పాప కోసం అన్నారు కాబట్టి లెక్క అడుగుతున్నా.

సూదులనాన్న (బెంగళూరు):
పద్దు గారూ, ఐపీఎల్ మ్యాచ్ ఒకటి మూడున్నర గంటలు. 43 గంటలంటే పన్నెండు మ్యాచ్‌లు. మన ఇళ్ళల్లో సీజన్ అయ్యాక ఎవరైనా నోట్‌బుక్ తీసి "గంటకి వంద" అని అడిగారా?

నేనూ అల్లుతాను. మా బాబు పుట్టినప్పుడు వీడియోలు చూసి నేర్చుకున్నా. మా ఆవిడ సూదులు పట్టుకుంటే మా పిన్ని "పనేం లేదా" అంటుంది. అవే సూదులు నా చేతిలో ఉంటే "అబ్బ, ఎంత ఓపిక నాయనా" అంటుంది. అల్లేది ఒకటే మఫ్లరు! పెరూలో టిటికాకా సరస్సు మధ్య టకీలె అనే దీవి ఉంది, అక్కడ టోపీలు అల్లేది మగవాళ్ళే, చిన్నప్పుడే నేర్చుకుంటారు. అక్కడ నన్ను చూసి ఎవరూ ముచ్చటపడరు.

లెక్కలపద్దు:
మ్యాచ్ చూసేవాడు "ఇది పిల్లాడి కోసం" అనడు కదండీ. నా పాయింట్ అదొక్కటే.

నర్సాపురం మనవరాలు (భీమవరం):
ఇద్దరూ ఆగండి. ఊలుబంతి గారు రాసిన "ఖాళీ టైమ్" అనే మాట దగ్గర నాకు చేదు జ్ఞాపకాలున్నాయి.

మా అమ్మమ్మ నర్సాపురం దగ్గర పల్లెలో లేసు అల్లేది. స్వెటర్ల రెండు సూదుల అల్లిక కాదు, కొక్కెం సూదితో, సన్నటి నూలు దారంతో. అక్కడ ఈ పని పంతొమ్మిదో శతాబ్దంలో మిషనరీల ద్వారా వచ్చింది. 2024లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు కూడా దక్కింది, అందరం ఫోటోలు పెట్టుకున్నాం. అమ్మమ్మ మధ్యాహ్నం అన్నాలయ్యాక అరుగు మీద కూర్చుంటే దీపాలు పెట్టేదాకా లేచేది కాదు. చూపుడు వేలి మీద దారం ఒరుసుకుని చిన్న గాడి పడింది. పోయేదాకా అది పూడలేదు. మధ్యవర్తి వచ్చి దారం ఇచ్చి, అల్లింది పట్టుకెళ్ళేవాడు. చేతిలో పెట్టేది ఎంతో అడక్కండి. ఇంటికి ఎవరైనా వచ్చి "మీ ఆవిడ ఏం చేస్తుంది?" అంటే తాతయ్య "ఏం చెయ్యదు, ఇంట్లోనే ఉంటుంది. తీరికప్పుడు లేసు కుడుతుంది" అనేవాడు.

మరియా మీస్ అని జర్మనీ సామాజికవేత్త ఒకావిడ నర్సాపురం ప్రాంతంలో ఈ లేసు ఆడవాళ్ళ మీద పరిశోధన చేసి 1982లో పుస్తకం వేశారు. అందులో వాదన ఇదే. అల్లేవాళ్ళని గృహిణులనీ, వాళ్ళ పనిని తీరిక పని అనీ అనుకోవడం వల్లే అంత తక్కువ కూలికి ఎగుమతి వ్యాపారం నడిచిందని. వ్యాపారం మగవాళ్ళది, తీరిక ఆడవాళ్ళది.

అందుకని పద్దు గారి లెక్క నాకు నచ్చింది. ఆయన ఏ ఉద్దేశంతో వేసినా సరే, 5,350 అన్న అంకె ఎవరో ఒకరు బయటికి అన్నారు. పోయినేడు మా కొలీగ్ ఒకావిడ నన్ను పసిబిడ్డ స్వెటర్ అల్లిపెట్టమని అడిగి, 800 అనగానే "చేత్తో చేసిందేగా, మిషన్ది కూడా కాదు" అంది. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి.

ఒక్కటి మాత్రం అడుగుతాను, ఊలుబంతి గారూ. ఆ నోట్‌బుక్‌లో మీ 43 గంటలున్నాయి. ఆ 43 గంటలూ పాప ఎవరి దగ్గర ఉంది?

రాజమండ్రి నానమ్మ:
ఈ అమ్మాయెవరో సరైన ప్రశ్న అడిగింది.

ఊలుబంతీ, నేను మీ అత్తగారిని కాదు గానీ అలాంటిదాన్నే. నా కోడలి చేతిలో సూదులున్నంతసేపూ మనవడు నా చేతిలో ఉంటాడు. మోకాళ్ళు పట్టేసి నేను లేవలేకపోతుంటే వాడు బాల్కనీ వైపు పరిగెడతాడు. కోడలి తీరిక నా నడుం మీద నుంచి వచ్చింది. ఆ మాట పైకంటే గయ్యాళి అత్త అంటారు.

అలాగని అల్లిక నాకు పడదనుకోకండి. నేను ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలో పెరిగాను. అక్కడ చలి చలే. మా అమ్మ మా పెద్దన్నయ్య స్వెటర్ పొట్టిదైతే కుట్లు విప్పేసి, ఆ ఊలుని కుర్చీ వీపుకి చుట్టి చిట్టెంలా చేసి, నీళ్ళలో ముంచి, కింద ఇత్తడి చెంబు కట్టి దండెం మీద వేలాడేసేది. తెల్లారేసరికి వంకర్లు పోయి దారం తిన్నగా వచ్చేది. అదే నాకు స్వెటరయింది, ఆనక తమ్ముడికి మేజోళ్ళయింది. ముగ్గురం ఒకే ఊలులో పెరిగాం. అయితే మా అమ్మ అల్లింది మేం బడికెళ్ళాక. మేం ఇంట్లో ఉంటే సూదులు బీరువా పైన.

లెక్కలపద్దు:
నానమ్మ గారూ, నమస్కారం. ఈ పాయింట్ నాకు తట్టలేదు.

సూదులనాన్న:
నానమ్మ గారూ, మీ నడుం సంగతి నిజమే. కానీ ఆ టైమ్‌లో మీ అబ్బాయి ఎక్కడున్నాడు?

రాజమండ్రి నానమ్మ:
ఫోన్లో.

ఊలుబంతి:
నోట్‌బుక్ తీసి చూశాను. తారీఖులు ఉన్నాయి కాబట్టి గుర్తు చేసుకోవడం కష్టం కాలేదు. పాప నిద్రపోయాక అల్లింది 11 గంటలు. ఆఫీసుకి మెట్రోలో వెళ్తూ వస్తూ 6. మిగిలిన 26 గంటలూ పాప అత్తగారి దగ్గరే ఉంది. మావారి దగ్గర ఒక్క గంటా లేదు. ఖాళీ టైమ్ అని రాసినందుకు సిగ్గుగా ఉంది.

ఇంకోటి కూడా చెప్తాను, ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. నేను ముందువైపు జడ డిజైన్ పెట్టుకున్నాను. ఆరేసి వరసలకి ఒకసారి మూడు కుట్లు పక్క సూదిమీదికి తీసి అడ్డం తిప్పాలి, లెక్క తప్పితే జడ చెడుతుంది. లెక్కపెట్టేటప్పుడు పాప మాట్లాడితే "ష్ష్" అంటాను. పోయిన వారం దానికి దాహం వేసింది. దగ్గరికొచ్చి, నా మోకాలు మీద చెయ్యేసి, చిన్నగా "అమ్మా, లెక్కపెత్తున్నావా?" అంది. లేదు అన్నాక నీళ్ళడిగింది.

ఆ రోజు నుంచి ఆ స్వెటర్ సంచిలోనే ఉంది.

డెట్రాయిట్ తల్లి:
అయ్యో, సంచిలో పెట్టేయకండి. డిజైన్ మార్చండి చాలు. నేను పిల్లలు మెలకువగా ఉన్నప్పుడు లెక్క అవసరమైనదేదీ ముట్టను. అన్ని వరసలూ సీదా కుట్టే (జడలు లేని మామూలు కుట్టు), మధ్యలో వదిలేసినా ఏం కాదు. జడలూ పూలూ వాళ్ళు పడుకున్నాకే.

ఇక్కడ అమెరికా చలికి చేతి స్వెటర్ దండగ కాదు. కారు సీట్లో బెల్టు కింద లావుపాటి కోటు ఉండకూడదు, ప్రమాదం జరిగితే కోటు అణిగిపోయి బెల్టు వదులవుతుంది. అందుకని పలుచటి ఊలు స్వెటర్ వేసి, బెల్టు పెట్టాక పైన దుప్పటి కప్పుతాను. కాకపోతే ఒక సంగతి. మా పెద్దదానికి అచ్చమైన ఊలుతో రెండు నెలలు అల్లింది డేకేర్‌లో బట్టలతో పాటు వేడినీళ్ళ మిషన్లో పడింది. బయటికొచ్చాక అట్టలా గట్టిపడి, బొమ్మకి సరిపోయే సైజుకి వచ్చింది. ఇప్పుడది నిజంగానే బొమ్మకే వేసింది. ఏడ్చింది నేనే, పిల్ల కాదు.

పసిపిల్లల నర్సు (గుంటూరు):
వాదంలోకి రాను. చంటిబిడ్డలకి అల్లేవాళ్ళు రెండు విషయాలు చూసుకోండి. మేజోళ్ళూ చేతి గ్లవ్స్ లోపలివైపు దారం కొసలు వదలొద్దు. వేలికి చుట్టుకుని బిగిస్తే రక్తం ఆడదు, బిడ్డ ఎందుకు ఏడుస్తోందో తెలీదు. వాపు చూసి తీసుకొచ్చేసరికి ఆలస్యమవుతుంది. వేళ్ళు దూరేంత కన్నాల డిజైన్లు కూడా వద్దు. రెండోది, ఇంట్లో నిద్రపోయే బిడ్డకి టోపీ అక్కర్లేదు. చంటిబిడ్డ ఒంట్లో ఎక్కువైన వేడి తలనుంచి కూడా పోతుంది, మూసేస్తే ఒళ్ళు కాగిపోతుంది. మన ఎండాకాలంలో ఊలు టోపీ, మేజోళ్ళతో వచ్చే బిడ్డల్ని చూస్తుంటే బాధేస్తుంది. ఇష్టంగా అల్లేవాళ్ళు నూలు దారంతో అల్లండి.

రాజమండ్రి నానమ్మ:
టోపీ సంగతి మేం ఒప్పుకోం. మాడుకి గాలి తగలకూడదు. కానీ దారం సంగతి రాసి పెట్టుకున్నా.

నర్సాపురం మనవరాలు:
ఊలుబంతి గారూ, సంచిలో పెట్టేసి శిక్ష వేసుకోకండి. 26 గంటలు అత్తగారివి అన్నారు, అందులో సగం మీవారికి రాయండి. శని, ఆదివారాలు ఆయన పాపని పార్కుకి తీసుకెళ్ళాలి. ఆ రెండు గంటల్లో మీరు అల్లుకోండి, అత్తగారు నడుం వాల్చుతారు. మొత్తం గొడవలో స్వెటర్‌కి ఉన్న పాత్ర చాలా తక్కువ.

లెక్కలపద్దు:
ఒప్పుకుంటున్నా. కానీ ఒక చలికాలానికే కదా అన్న నా ప్రశ్న అలాగే ఉంది.

డెట్రాయిట్ తల్లి:
దానికి జవాబుంది. ఊలుబంతి గారూ, మెడ దగ్గర్నుంచి కిందికి అల్లారా, కింద నుంచి పైకా?

ఊలుబంతి:
మెడ నుంచి కిందికే.

డెట్రాయిట్ తల్లి:
అయితే ఇంకేం. పిల్లలు పొడుగు సాగినంతగా ఛాతీ వెడల్పు పెరగదు. వచ్చే ఏడు మణికట్టు దగ్గర రిబ్ (సాగే పట్టీ) విప్పేసి, కుట్లన్నీ సూదిమీదికి ఎక్కించి, రెండు అంగుళాలు అల్లి మళ్ళీ రిబ్ వేస్తే సరి. నడుం దగ్గరా అంతే. మా చిన్నది ఒకే స్వెటర్ మూడు చలికాలాలు వేసింది. కింద నుంచి పైకి అల్లితే దారం కత్తిరించి ఎత్తుకోవాలి, అది తలనొప్పి. ఊలు చీటీ మీద రంగు పేరుతో పాటు లాట్ నంబరు (ఏ విడతలో రంగు వేశారో చెప్పేది) ఉంటుంది, చూసి ఒక ఉండ ఇప్పుడే కొని దాచుకోండి. వచ్చే ఏడు అదే రంగు అడిగినా ఛాయ తేడా వస్తుంది. కలరా ఉండలు వేసి పెట్టండి, పిల్లలకి అందని చోట.

లెక్కలపద్దు:
మూడు చలికాలాలంటే ఏడాదికి 1,783. కుందేలుది ఒక్క ఏడాదిలో ఉండలు లేస్తుంది. ఇంకా మీదే ఎక్కువ. కానీ దగ్గరికొచ్చింది.

ఊలుబంతి:
అందరికీ థాంక్స్ అండి. నిన్న షాపుకి వెళ్ళాను. ఆ లాట్ అయిపోయిందట. పాప పక్కనే ఉంది, పసుపు ఉండ పట్టుకుని వదల్లేదు. కాబట్టి మిగిలిన చేతికి మణికట్టు దగ్గర పసుపు పట్టీ వస్తుంది, సరిపోవాలని రెండో చేతికీ అదే. జడ డిజైన్ ముందువైపు అయిపోయింది, చేతులు మొత్తం సీదాయే.

ఇవాళ ఆదివారం. మావారూ పాపా పార్కులో ఉన్నారు, అత్తగారు పడుకున్నారు. నోట్‌బుక్‌లో కొత్త గీత గీసి మూడు గళ్ళు చేశాను, ముగ్గురి పేర్లూ రాశాను. ఇప్పటికి ఆయన గడిలో ఒకటిన్నర.

సూదులనాన్న:
పావుగంట పార్కు, గంటంబావు జిలేబీ బండి అయ్యుంటుంది. చూసుకోండి.