బోరు నీళ్లకి సోలార్ హీటర్ ఎన్నేళ్లు ఆగుతుంది?

మాది గుంటూరు, బ్రాడీపేట. మేడ మీద గాజు ట్యూబుల సోలార్ హీటర్, 200 లీటర్లది, పెట్టించి 11 ఏళ్లయింది. మొదట్లో వంక పెట్టడానికి లేదు. ఇప్పుడు ఎంత ఎండ కాసినా గోరువెచ్చగానే వస్తున్నాయి. మొన్న ఒక ట్యూబు ఊడదీస్తే అడుగున గుప్పెడు సున్నం, గుడ్డు పెంకుల్లా పెచ్చులు పెచ్చులుగా. మా బోరు నీళ్లు అలాంటివి మరి. అమ్మిన షాపువాళ్లు ఫోనెత్తరు.

తమాషా ఏంటంటే, మే నెలలో మాత్రం సలసలా కాగేవి, వాడే నాథుడు లేడు. కెనడాలో ఒకోటోక్స్ అనే ఊళ్లో 52 ఇళ్లకి వేసవి వేడిని 144 బోర్ల ద్వారా భూమిలో దాచి చలికాలం వాడుకున్నారు, 2007లో మొదలుపెట్టి. అది చదివి మా తమ్ముడు మనమూ పెరట్లో గుంత తవ్వుదామంటాడు! నిల్వ చిన్నదైతే వేడి త్వరగా జారిపోతుంది. మన రెండు నెలల చలికి, ఒక్క ఇంటికి, శుద్ధ దండగ అనిపిస్తోంది.

విజయవాడ, గుంటూరుల్లో పదేళ్లు దాటి వాడినవాళ్లు చెప్పండి. ట్యూబులు వెనిగర్‌తో కడిగితే చాలా, ట్యాంకు కూడా మార్చాలా? ఇలాంటి నీళ్లకి హీట్ ఎక్స్ఛేంజర్ (బోరు నీళ్లు ట్యూబుల్లోకి పోకుండా, విడిగా తిరిగే ద్రవం వేడితో కాగే ఏర్పాటు) ఉన్నది నయమా? ధనుర్మాసం దగ్గరపడుతోంది, అమ్మకి తెల్లారకముందే తలస్నానం.