మాడ్లిన్, మాకిష్, ష్మాల్ట్సీ: మూడూ ఒకటేనా?

బైరాగిపట్టెడ కుర్రోడు:
అన్నా, తిరుపతిలో ఎం.ఏ. ఇంగ్లీష్ చదువుతున్నా. సెంటిమెంటల్, మాడ్లిన్, మాకిష్, ష్మాల్ట్సీ, డిక్షనరీలో దేనికి చూసినా ‘అతి సెంటిమెంట్’ అనే ఉంది. సినిమా రివ్యూ రాయాలంటే ఏది వాడాలో తెలీక ఒకటే టెన్షన్.

చిత్తూరు మాస్టారు:
సెంటిమెంటల్ అన్నిసార్లూ తిట్టు కాదు బాబూ, అమ్మ పాత చీర దాచుకున్నా ఆ మాట అనొచ్చు. మిగతావి తిట్లే. మాడ్లిన్ అనేది ఏసు శిష్యురాలు మేరీ మాగ్డలీన్ పేరు నుంచి వచ్చింది, పాత చిత్రాల్లో ఆమెను ఏడుస్తున్నట్టు చూపేవాళ్ళు కాబట్టి. ఇప్పుడు తన మీద తనే జాలిపడి ఏడ్చేవాళ్ళకు వాడతారు, అందులోనూ మందు పడ్డాక: పెళ్ళి విడిదిలో రెండు పెగ్గులేసి ‘నన్నెవరూ మనిషిగా చూళ్ళేదురా’ అని అల్లుడి భుజం తడిపేసే మామయ్య ఉంటాడే, ఆయన అచ్చం మాడ్లిన్. మాకిష్‌లో ఏడుపు లేకపోయినా ఫర్వాలేదు, వెగటు ఉండాలి. దాని మూలం ‘మాక్’, అంటే కుళ్ళులో పుట్టే పురుగు.

గంగమ్మ గుడి వీధి:
ష్మాల్ట్సీ వదిలేశారు సార్. యూరప్ యూదుల భాష యిడ్డిష్‌లో ష్మాల్ట్స్ అంటే కరిగించిన కోడి కొవ్వు. ఎక్కువగా పాటలకీ సినిమాలకీ అంటారు, చెల్లెలి అప్పగింతలప్పుడు వెనక వయొలిన్లు హోరెత్తిస్తాయి చూడు, అది. నాకైతే అవి ఇష్టమేనప్పా.

బైరాగిపట్టెడ కుర్రోడు:
హీరో తండ్రి కత్తిపోటు తిని కూడా పది నిమిషాలు డైలాగు చెప్పాడు సార్. దానికి?

చిత్తూరు మాస్టారు:
తాగున్నాడా?

బైరాగిపట్టెడ కుర్రోడు:
లేదు సార్.

చిత్తూరు మాస్టారు:
అయితే మాకిష్ అని రాసెయ్.