తీరానికి దగ్గరగా ఏకాంతమైన విడిది: ముందుగా ఏమి అడగాలి?

ప్రశ్న:
వృద్ధులైన తల్లిదండ్రులతో, ఇద్దరు పిల్లలతో కలిసి నాలుగు రోజులు ఊరికి దూరంగా ఉన్న ఒక విడిది ఇంట్లో గడపాలనుకుంటున్నాము. ఒక పక్క సముద్రం, మరో పక్క పొలాలు, పాత కోట, నడకదారులు ఉన్నాయని యజమాని చెబుతున్నారు. డబ్బు కట్టే ముందు ఏమేమి అడగాలో అనుభవమున్నవారు దయచేసి తెలుపగలరు.

మొదటి జవాబు:
‘సముద్రానికి పది నిమిషాలు’ అంటే నడకా, కారు ప్రయాణమా అన్నది ముందు తేల్చుకోండి. మేము వెళ్లిన చోట చివరి కిలోమీటరంతా మట్టిదారే. వాన పడిన రాత్రి కారు చక్రం బురదలో దిగబడితే, ఫోను సిగ్నలు కోసం నేను టార్చిలైటు పట్టుకుని పొలం గట్టు మీద నిలబడవలసి వచ్చింది. (పిల్లలకు మాత్రం అదే అన్నిటికన్నా నచ్చిందట!)

రెండవ జవాబు:
పోటు వేళలు కూడా అడగండి. చాలా తీరాల్లో ఒక పోటుకూ మరో పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాల వ్యవధి ఉంటుంది కనుక, నిన్న ఉదయం పిల్లలు గవ్వలు ఏరుకున్న ఇసుక ఈరోజు అదే వేళకు ఇంకా నీటిలోనే ఉండవచ్చు. అమావాస్య, పౌర్ణమి సమయాల్లో నీరు మరింత పైకి వస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
కృతజ్ఞతలు. యజమానిని అడిగాను, పది నిమిషాలన్నది కారులోనేనట, పైగా పడకగదులన్నీ మేడమీదే ఉన్నాయట. అమ్మ మోకాళ్లను తలచుకుని మరో విడిది వెతుకుతున్నాను.